నడక ఆగిన వారం: ముందు ఒళ్ళు, తర్వాత మనసు

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు సంచిలో కొత్త బట్టలు, పిల్లల మందులు, ఫోన్ ఛార్జర్లు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతారు. వాకింగ్ బూట్లు మాత్రం హైదరాబాదులోనే గుమ్మం పక్కన ఉండిపోతాయి. నాలుగు రోజులే కదా అనిపిస్తుంది. భోగి, పండగ, కనుమ, ముక్కనుమ. అరిసెలు, గారెలు, మధ్యాహ్నం కునుకు, అర్ధరాత్రి దాటేదాకా కబుర్లు. తిరిగొచ్చాక ప్రయాణం బడలిక పేరుతో ఇంకో మూడు రోజులు పోతాయి. ఎనిమిదో రోజు పొద్దున కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఇంట్లోవాళ్ళ మీద ఒక కసురు. పిల్లాడు టీవీ గట్టిగా పెట్టాడని ఇంకో కసురు. ఆఫీసులో రోజూ వచ్చే మెయిలే ఆవేళ తప్పు పట్టినట్టు కనిపిస్తుంది. ఏమైందని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు దాదాపు అన్ని ఇళ్ళలో ఒకటే: "ఏమో, ఒళ్ళంతా బరువుగా ఉంది. ఏదీ చేయబుద్ధి కావట్లేదు."

ఆ జవాబులో ముందు ఒళ్ళు వచ్చింది, ఆ తర్వాత మనసు వచ్చింది. వ్యాయామం అలవాటున్నవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో కనిపెట్టి చూసిన పరిశోధకులకు కూడా ఇదే వరస కనిపించింది.

వ్యాయామం చేస్తే మనసుకు మంచిదన్న మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మానేస్తే ఏమవుతుందన్నది మాత్రం తక్కువ మంది అడిగిన ప్రశ్న. మొదటిదాన్ని తిరగేస్తే రెండోది వచ్చేస్తుందనుకుంటాం కానీ అంత సూటిగా ఉండదు. ఎప్పుడూ నడవని మనిషి ఈ వారం కూడా నడవకపోతే అతని రోజులో కొత్తగా మారేదేమీ లేదు. అలవాటైన మనిషి సంగతి వేరు. అతని నిద్ర, ఆకలి, లేచే వేళ, పలకరించే మనుషులు అన్నీ ఆ నడక చుట్టూ అల్లుకుని ఉంటాయి. నడకను లాగేస్తే ఆ అల్లిక అంతా కొంచెం కొంచెంగా వదులవుతుంది.

ఈ ప్రశ్న పట్టుకున్న తొలి పరిశోధకుల్లో ఫ్రెడరిక్ బేక్‌లాండ్ ఒకరు. అమెరికాలో ఆయన చేసిన అధ్యయనం 1970లో అచ్చయింది. నెల రోజులు వ్యాయామం మానేస్తే నిద్రలో ఏం మార్పు వస్తుందో చూడాలన్నది ఆయన ఉద్దేశం. డబ్బిస్తామన్నా మనుషులు దొరకలేదు. రోజూ వ్యాయామం చేసేవాళ్ళు ఎంత ఇస్తామన్నా ఆపడానికి ఒప్పుకోలేదు. చివరికి వారానికి మూడు నాలుగు రోజులు చేసేవాళ్ళతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ళకు కూడా ఆ నెల సాఫీగా గడవలేదు. నిద్ర చెడింది, లోపల ఏదో ఉద్రిక్తత మొదలైంది, పక్కన ఎవరో ఒకరు ఉండాలన్న తపన పెరిగింది. అసలు ప్రయోగం మొదలుకాకముందే ఎదురైన ఆ నిరాకరణే ఆ అధ్యయనం మొత్తంలో అన్నిటికంటే గట్టి సాక్ష్యంలా తోస్తుంది. తమకు ఏం పోతుందో ఆ మనుషులకు ముందే తెలుసు.

ఆ తర్వాత 1996లో వెలువడిన ఇంకో చిన్న అధ్యయనంలో వారానికి ఆరేడు రోజులు వ్యాయామం చేసే పదిమందిని తీసుకున్నారు. సోమవారం ఎప్పటిలాగే చేయమన్నారు. మంగళ, బుధ, గురువారాలు ఆపేయమన్నారు. ఒకటి రెండు రోజుల్లోనే వాళ్ళలో ఆందోళన, బిగువు, దిగులు పెరిగాయి, హుషారు తగ్గింది. మూడు రోజుల్లో కండ కరగదు, బరువు చెప్పుకోదగ్గంత పెరగదు. అద్దంలో ఏ తేడా కనిపించకముందే మూడ్‌లో తేడా వచ్చేసింది.

ఒంటికీ మనసుకూ మధ్య ఉన్న వరసను బాగా చూపించింది మాత్రం 2006లో వచ్చిన పరిశోధన. అమెరికాలోని మేరీలాండ్‌లో బర్లిన్, కాప్, డ్యూస్టర్ అనే ముగ్గురు పరిశోధకులు క్రమం తప్పకుండా వ్యాయామం చేసే 40 మందిని తీసుకుని, చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టును యథాప్రకారం చేసుకోమన్నారు, రెండో జట్టును రెండు వారాలపాటు మానేయమన్నారు. మానేసినవాళ్ళలో మొదటి వారం కనిపించినవి ఒంటికి సంబంధించిన లక్షణాలు. అలసట, నీరసం లాంటివి. దిగులు, తనమీద తనకు చిన్నచూపు లాంటి మనసు లక్షణాలు రెండో వారంలో వచ్చాయి. మొదటి వారం ఒళ్ళు ఎక్కువ నలిగినవాళ్ళకే రెండో వారం మనసు కూడా ఎక్కువ కుంగింది. శరీర దారుఢ్యం తగ్గడానికీ ఈ మార్పులకూ సంబంధం ఉందని కూడా వాళ్ళు గమనించారు.

ఈ వరస తెలియకపోవడం వల్లే చాలామంది నష్టపోతున్నారు. మొదటి వారం వచ్చే అలసటను మనం ఎలా అర్థం చేసుకుంటాం? "ఒంట్లో ఓపిక లేదు, ఈ రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటుంది" అనుకుంటాం. నడక మానేయడం వల్ల వచ్చిన అలసటే, నడక మానేయడానికి కారణంగా మారిపోతుంది. రెండు రోజులు వారమవుతుంది, వారం రెండు వారాలవుతుంది. అప్పటికి చిరాకు వస్తుంది, దాని వెంట దిగులు వస్తుంది. ఆ దిగులుకు కారణం వెతికితే ఆఫీసు కనబడుతుంది, అత్తగారు కనబడుతుంది, పిల్లల మార్కులు కనబడతాయి. గుమ్మం పక్కన దుమ్ముపట్టిన బూట్లు మాత్రం ఎవరికీ కనబడవు.

అయితే జ్వరం వచ్చి తగ్గినప్పటి నీరసం, నిద్రలేని రాత్రి తర్వాతి బడలిక, రక్తహీనత వల్ల వచ్చే ఆయాసం ఇవన్నీ నిజమైన అలసటలే. వాటికి విశ్రాంతో, మందో కావాలి. ఇక్కడ చెబుతున్నది మరో రకం అలసట గురించి. రోజంతా కూర్చున్నా వచ్చేది, పడుకుని లేచినా పోనిది, నాలుగడుగులు వేస్తే కొంచెం సడలేది.

ఈ పరిశోధనల బలహీనతలు కూడా చెప్పుకోవాలి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి అధ్యయనాలను వెతికి 2018లో ఒక సమీక్ష ప్రచురిస్తే, తగినవిగా తేలినవి ఆరే. వాటన్నిటిలో కలిపి ఉన్నది 152 మంది. వాళ్ళంతా కనీసం మూడు నెలలుగా, వారానికి మూడుసార్లు, పూటకు అరగంటకు తగ్గకుండా వ్యాయామం చేస్తూ మానేసినవాళ్ళు. కొందరిలో మూడు రోజులకే కుంగుబాటు లక్షణాలు పెరిగాయి. అయితే మందు పరీక్షల్లోలా ఇక్కడ ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడటం కుదరదు. తాను మానేశానన్న సంగతి మానేసిన మనిషికి తెలుసు. ఇష్టమైన పనిని ఇంకొకరు ఆపమన్నారన్న కోపం కూడా లెక్కలో కలుస్తుంది. అందుకే అంకెల్ని పట్టుకుని ఇన్ని రోజులకు ఇంత దిగులు అని కొలిచి చెప్పలేం. ఏ వైపుకు వంగుతోందో మాత్రం అధ్యయనాలు మొత్తమ్మీద చూపిస్తున్నాయి.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? ఎక్కువగా వినిపించే పేరు ఎండార్ఫిన్లది, అంటే నొప్పిని తగ్గించడానికి ఒంట్లోనే పుట్టే రసాయనాలది. పరిగెత్తితే వచ్చే హాయికి అవే కారణమని దశాబ్దాలుగా చెబుతున్నారు. కానీ జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగి 2021లో వెలువడిన ప్రయోగంలో, ఎండార్ఫిన్ల పనికి అడ్డుపడే నాల్‌ట్రెక్సోన్ మందు వేసి పరిగెత్తించినా ఆ హాయి తగ్గలేదు. శరీరమే తయారుచేసుకునే ఎండోకెనబినాయిడ్లు అనే రసాయనాల పాత్ర ఎక్కువేమోనని ఇప్పుడు భావిస్తున్నారు. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రవేత్తలు 2014లో ఎలుకల్లో మరో దారి చూపించారు. ఒత్తిడి వేళ ఒంట్లో పెరిగే కైన్యురెనిన్ అనే పదార్థం మెదడులోకి వెళితే కీడు చేస్తుంది. కసరత్తు చేసినట్టుగా మార్చిన కండరాలు దాన్ని మెదడులోకి దూరలేని మరో పదార్థంగా మార్చేస్తున్నాయి. అంటే ఒత్తిడి వల్ల పుట్టిన చెత్తను కొంతైనా ఏరిపారేసే పని కండరానిదన్నమాట. ఎలుకలో కనిపించినదంతా మనిషికి వర్తిస్తుందని అనలేం గానీ, కాళ్ళకూ కుంగుబాటుకూ సంబంధమేమిటని అడిగేవాళ్ళకు ఇది ఆలోచించదగ్గ జవాబే.

రసాయనాలకంటే తేలిగ్గా అర్థమయ్యేది గుండె సంగతి. కష్టమైన వ్యాయామం అలవాటున్నవాళ్ళు ఆపేస్తే రోజుల వ్యవధిలోనే రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది. గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తం తగ్గుతుంది, కాబట్టి అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. 1984లో గట్టి శిక్షణ ఉన్న క్రీడాకారుల మీద జరిగిన పరిశోధనలో, ఆపిన మూడు వారాలకు వాళ్ళ ఒంటికి ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం సుమారు 7 శాతం పడిపోయింది. రోజూ నడిచే మామూలు మనిషికి అంత తేడా రాకపోవచ్చు. అయినా మూడో అంతస్తు మెట్లెక్కేసరికి గుండె దడదడలాడితే అతనికి ఏమనిపిస్తుంది? గుండె వేగంగా కొట్టుకోవడం భయానికీ గుర్తే, శ్రమకూ గుర్తే. రోజూ చెమటపట్టేదాకా నడిచే మనిషికి ఆ దడ పాత చుట్టం, దాన్ని పట్టించుకోడు. ఆ పరిచయం తగ్గినకొద్దీ అదే దడ కంగారుగా మారే అవకాశం పెరుగుతుంది.

నిద్ర దీనికి తోడవుతుంది. పొద్దున్నే బయటికి వెళ్ళేవాళ్ళకు నడకతోపాటు వెలుతురు కూడా దొరుకుతుంది. కళ్ళమీద పడే ఆ ఉదయపు వెలుతురే రాత్రి సకాలంలో నిద్రపట్టేలా లోపలి గడియారాన్ని సరిచేస్తుంది. నడక మానేస్తే ఆ వెలుతురు కూడా పోతుంది. పదకొండింటికి పట్టే నిద్ర పన్నెండున్నరకు పడుతుంది, మర్నాడు లేవడానికి ఒళ్ళు సహకరించదు. నిద్ర చాలని మనిషికి కోపం ముక్కుమీదే ఉంటుందన్నది ఎవరూ పరిశోధించి చెప్పక్కర్లేదు.

మనుషుల సంగతి అన్నిటికంటే తక్కువగా లెక్కలోకి వస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులోనో, కేబీఆర్ పార్కు చుట్టూనో, జిల్లా కేంద్రంలో కాలేజీ గ్రౌండులోనో పొద్దున్నే నడిచేవాళ్ళను గమనిస్తే తెలుస్తుంది. నడిచేది ముప్పావుగంట, ఆ తర్వాత బెంచీ మీద కూర్చునేది అరగంట. బీపీ మాత్రల నుంచి బంగారం రేటు దాకా మాట్లాడని విషయం ఉండదు. రిటైరైనవాళ్ళకైతే రోజు మొత్తంలో ఇంటివాళ్ళు కానివాళ్ళతో మాట్లాడేది ఆ అరగంటే. మోకాలు నొప్పితో నెల రోజులు ఇంట్లో కూర్చున్న పెద్దాయన ముభావంగా మారితే, దాన్ని కాలికి మాత్రమే కట్టబెట్టకూడదు. ఆయనకు ఆ బెంచీ కూడా పోయింది.

ఇదంతా ఒకేసారి పెద్దఎత్తున జరిగిన సందర్భం 2020. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. పార్కులకు తాళాలు పడ్డాయి. మన ఊళ్ళలో జనం డాబాల మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ ప్రదక్షిణలు చేశారు. అదే సమయంలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద నడుస్తున్న ఒక అధ్యయనం అనుకోకుండా పనికొచ్చింది. వాళ్ళ చేతులకు అడుగులు లెక్కపెట్టే పట్టీలు అప్పటికే ఉన్నాయి. రోజుకు సగటున పదివేలున్న అడుగులు 4,600కు పడిపోయాయి. ఎవరు కుంగిపోయే అవకాశముందో ముందే సూచించిన ప్రధాన సంకేతాల్లో ఈ తగ్గుదల ఒకటని తేలింది. అందులో ఇంకో ఫలితం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. కొందరికి ప్రోత్సాహకం ఇచ్చి రెండు వారాలు అడుగులు పెంచేలా చేసినా, వాళ్ళ మానసిక స్థితి చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు.

దీన్ని చూసి వ్యాయామం పనిచేయదనుకోవడం తొందరపాటు. పోయింది అడుగులు మాత్రమే కాదు కాబట్టి అడుగులు మాత్రమే తిరిగిస్తే సరిపోలేదన్నదే ఇక్కడ తోచే అర్థం. క్లాసులు పోయాయి, స్నేహితులు పోయారు, రోజుకో క్రమం లేకుండా పోయింది. మన నడకలో కూడా కాళ్ళ కదలిక ఒక భాగమే. లేచే వేళ, వెలుతురు, పలకరింపు, "ఇవాళ్టి పని ఒకటి అయింది" అన్న తృప్తి మిగతా భాగాలు. వర్షం పడి గ్రౌండు బురదైనా, మే నెల ఎండకు ఆరున్నరకే రోడ్డు సెగలు కక్కుతున్నా, ఈ మిగతావాటిని పట్టుకోవడానికి అడ్డేమీ లేదు. అదే వేళకు లేవొచ్చు. వరండాలోనో డాబా మీదో వెలుతురులో పది నిమిషాలు తిరగొచ్చు. రోజూ కలిసే మనిషికి ఫోన్ చేయొచ్చు. సంక్రాంతి ఊళ్ళోనైతే అసలు సాకే లేదు. పొద్దున మంచులో పెదనాన్నతో కలిసి పొలం దాకా వెళ్ళొస్తే ఏ పార్కూ దానికి సాటి రాదు, చెప్పులతోనైనా సరే.

ఆడవాళ్ళ విషయంలో మన ఇళ్ళలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "పొద్దున్నుంచీ ఇంటిపని చేస్తూనే ఉంది కదా, మళ్ళీ వేరే వ్యాయామం ఎందుకు?" వంట, అంట్లు, బట్టలు, పెద్దవాళ్ళ సేవ అన్నీ ఒళ్ళు కదిలించే పనులే, ఒప్పుకోవాల్సిందే. కానీ మనసు విషయంలో ఏ కదలికైనా ఒకటే కాదు. 2017లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష తీరిక వేళ ఇష్టంగా చేసే వ్యాయామాన్నీ, ఉద్యోగంలో భాగంగా పడే శ్రమనూ విడివిడిగా చూసింది. మొదటిది మంచి మానసిక ఆరోగ్యంతో కలిసి నడిస్తే, రెండోది మానసిక సమస్యలతో ముడిపడి కనిపించింది. ఎవరి కోసం, ఎవరి ఇష్టప్రకారం కదులుతున్నామన్నది కండరానికి తెలియకపోవచ్చు, మనసుకు తెలుస్తుంది. మిరపకోతకు వెళ్ళొచ్చిన కూలీకి "మీకు వ్యాయామం అయిపోయింది" అని చెప్పడంలో ఉన్న అన్యాయమే, ఇల్లాలికి ఆ మాట చెప్పడంలో కూడా ఉంది.

లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన వివరాల ప్రకారం 2022 నాటికి మన దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. మగవాళ్ళలో ఆ సంఖ్య 42 శాతమైతే ఆడవాళ్ళలో 57 శాతం. అంతకుముందు 2014లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనంలో తీరిక వేళ వ్యాయామమో ఆటో చేసేవాళ్ళు పదిశాతం కూడా లేరు. సాయంత్రం ఆరింటికి కాలనీ గ్రౌండులో క్రికెట్ ఆడేది ఎవరు, ఆ వేళకు పాలు కాచి టీ పెట్టేది ఎవరు అని చూస్తే చాలు. ఒక గృహిణి నడక వారం రోజులు ఆగిందంటే చాలాసార్లు అది ఆమె బద్ధకం కాదు. చుట్టాలొచ్చారు, పిల్లాడికి పరీక్షలు, పనిమనిషి రాలేదు. ఇంట్లో అవసరమొచ్చినప్పుడల్లా ముందు కోతపడేది ఆమె ముప్పావుగంటకే. ఆ తర్వాత ఆమె విసుక్కుంటే "ఈమధ్య ఊరికే కోపం తెచ్చుకుంటోంది" అని మిగతావాళ్ళు అనుకుంటారు. అది ఊరికే వచ్చిన కోపం కాదు.

ఇంకో కొసన మరో రకం మనుషులున్నారు. జ్వరంలో కూడా పరిగెత్తేవాళ్ళు, మడమ వాచినా జిమ్ మాననివాళ్ళు, ఒక్కరోజు తప్పితే తిండి తగ్గించి శిక్ష వేసుకునేవాళ్ళు. వాళ్ళకు మానేసినప్పుడు వచ్చే చిరాకు వ్యాయామం గొప్పతనానికి రుజువు కాదు, ఆ అలవాటు వాళ్ళను శాసిస్తోందనడానికి గుర్తు. వారంలో ఒకటి రెండు రోజులు కావాలని విడిచిపెట్టే విశ్రాంతి ఎవరికైనా అవసరమే. దానికి తప్పు చేసినట్టు నొచ్చుకోనక్కర్లేదు.

తిరగబడిన సందర్భాన్ని గుర్తించడం కూడా ముఖ్యం. నడక మానేసినందుకు మనసు బాగాలేకపోవడం ఒకటి, మనసు బాగాలేక నడక మానేయడం ఇంకొకటి. ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం కుంగుబాటు తొలి లక్షణాల్లో ఒకటి. పదేళ్ళుగా నడుస్తున్న మనిషి ఏ కారణమూ లేకుండా ఆపేసి, తిండీ నిద్రా కూడా తేడాపడి, రెండు వారాలు దాటినా తేరుకోకపోతే "లేచి నాలుగడుగులు వెయ్, అదే పోతుంది" అని తోయడం సాయం కాదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వ్యాయామం చికిత్సలో భాగం కాగలదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 156 మంది రోగుల మీద జరిగి 1999లో వెలువడిన పరిశోధనలో, 16 వారాల తర్వాత వ్యాయామం చేసినవాళ్ళూ మందు వాడినవాళ్ళూ దాదాపు సమానంగా కోలుకున్నారు. అది చూసి వాడుతున్న మందును సొంతంగా ఆపేయకూడదు. అక్కడ వ్యాయామం పర్యవేక్షణలో, లెక్క ప్రకారం జరిగింది.

మళ్ళీ మొదలుపెట్టడం దగ్గర చాలామంది తడబడతారు. మూడు వారాల తర్వాత పాత దూరమే, పాత వేగమే పెట్టుకుంటారు. ఆయాసం వస్తుంది, పిక్కలు పట్టేస్తాయి, "వయసైపోయింది" అనుకుని ఆ సాయంత్రమే మానుకుంటారు. తగ్గింది సామర్థ్యం మాత్రమే, అది తిరిగొస్తుంది. మొదటి వారం సగం దూరం చాలు. మనసుకు కావాల్సింది అంత పెద్ద మోతాదేమీ కాదని నార్వేలో దాదాపు 34 వేల మందిని పదకొండేళ్ళు గమనించిన అధ్యయనం సూచిస్తోంది. అందరూ వారానికి కనీసం ఒక గంట వ్యాయామం చేసి ఉంటే, ఆ తర్వాత వచ్చిన కుంగుబాటు కేసుల్లో 12 శాతం రాకుండా ఉండేవని వాళ్ళ అంచనా. వారానికి గంట అంటే రోజుకు తొమ్మిది నిమిషాలు కూడా కాదు.

1996 నాటి ఆ పదిమంది సంగతి ఒకటి మిగిలిపోయింది. మంగళ, బుధ, గురువారాలు ఊరుకున్నాక శుక్రవారం వాళ్ళను మళ్ళీ వ్యాయామం చేయమన్నారు. పోయిన హుషారు కోసం ఇంకో వారం ఎదురుచూడాల్సిన పని పడలేదు. మళ్ళీ మొదలుపెట్టిన ఆ రోజే వాళ్ళ మూడ్ తేటపడింది.